మెట్లు పగలగొట్టిన రోజు

మేడ మీద గదిలో అద్దెకుంటున్న దర్జీని, ఇల్లు కొత్తగా కొన్న ఓనరు ఉన్నపళంగా ఖాళీ చెయ్యమన్నాడు. ఆమె లా చదివిన పిన్ని కూతుర్ని అడిగింది.

"కోర్టు ఆర్డరు లేకుండా నిన్నెవరూ వెళ్ళగొట్టలేరక్కా," అంది చెల్లెలు.

దర్జీ ధైర్యం కూడగట్టుకుని ఆ మాటే ఓనరుకు చెప్పింది. అతను కోప్పడలేదు. "సరేనమ్మా, ఉండు," అని నవ్వాడు.

మర్నాడు పొద్దున్నే కింద సమ్మెట దెబ్బలు వినిపించాయి. కూలీలు మెట్లు పగలగొడుతున్నారు.

"రిపేరమ్మా. నిన్ను పొమ్మనలేదుగా," అన్నాడు ఓనరు కింద నుంచి.

ఆమె చెల్లెలికి ఫోన్ చేసింది.

"కదలకు. నేను కోర్టు నుంచి స్టే తెస్తా."

దర్జీ గదిలోంచి దిగి వచ్చి, మిగిలిన మెట్ల మీద బైఠాయించింది. కూలీలు సమ్మెట దించేశారు. ఓనరు మాత్రం కుర్చీ తెప్పించుకుని, ఆమె ఎప్పుడు లేస్తుందో చూద్దామన్నట్టు ఎదురుగా తీరిగ్గా కూర్చున్నాడు.