నేను దిద్దిన పాట

1966లో నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. గుంటూరు వైపు నుంచి వచ్చి, హైదరాబాదులో విశ్వవిద్యాలయంలో తెలుగు లెక్చరర్‌గా చేరి రెండేళ్ళయింది. ఉప్పల్‌లో వరంగల్ రోడ్డుకు దగ్గరగా ఒక గది అద్దెకు తీసుకుని, సైకిలు మీద కాలేజీకి వెళ్ళి వచ్చేవాణ్ణి. ఉప్పల్ అంటే అప్పట్లో పట్నం అయిపోయిన చోటు. నాచారం వైపు తిరిగితే వరిమళ్ళు ఉండేవి. ఆ మళ్ళ గట్ల మీద ఫ్యాక్టరీల కోసం గొలుసులు పట్టుకుని కొలతలు తీసేవాళ్ళు అప్పుడప్పుడే కనిపిస్తున్నారు.

ఆ ఏడు మా విద్యార్థుల కళా సంఘానికి నన్ను స్టాఫ్ అడ్వైజర్‌గా వేశారు. సంఘం నడిపేది పిల్లలే అయినా, పైన పెద్దదిక్కుగా ఒక ఉపాధ్యాయుడు ఉండాలి, ఆయనే స్టాఫ్ అడ్వైజర్. హాలు కోసం అర్జీలు రాయడం, తబలా వాడికీ హార్మోనియం వాడికీ మధ్య అలకలు తీర్చడం అన్నీ నా నెత్తినే ఉండేవి. అన్నిటికన్నా ముఖ్యమైన పని స్క్రిప్ట్ చూడటం. వేదిక మీద పలికే ప్రతి మాటా ముందుగా కాగితం మీద నా బల్ల దగ్గరికి రావాలి. నేను చదివి, సంతకం పెట్టాక దాన్ని ఒక ఐటమ్‌గా కార్యక్రమంలో చేర్చేవాళ్ళు. ఆ సంతకం పెట్టేటప్పుడు నాకు కొంచెం గొప్పగానే ఉండేదని ఒప్పుకుంటాను.

మా సంఘం ఉద్దేశం అన్ని ప్రాంతాల, అన్ని మతాల కళలను ఒకే వేదిక మీదికి తేవడం. ఆ ఏటి వార్షికోత్సవానికి ‘భిన్న సంస్కృతుల సాయంత్రం’ అని పేరు పెట్టింది నేనే. ఉర్దూ ఖవ్వాలీ ఒకటి, మరాఠీ అభంగం ఒకటి, కన్నడ పిల్లల కోలాటం ఒకటి వచ్చాయి. రూతు అనే ఎమ్మే అమ్మాయి ఒకరోజు నాలుగు మడతలు పెట్టిన కాగితం తెచ్చి నా ముందు పెట్టింది.

“సార్, ఇది మా అమ్మ కట్టుకున్న పాట. నాట్లేసేటప్పుడు పాడుకుంటది. స్టూడెంట్స్ కానోళ్ళు పాడొచ్చునా సార్?”

పాడవచ్చన్నాను. ఎవరు మీ అమ్మ అని అడిగితే చెప్పింది. శాంతమ్మ నాచారంలో కూలిపని చేస్తుంది. భర్త బావులు తవ్వే మనిషి. రూతుకు అయిదేళ్ళప్పుడు బావిలో ఉండగా పైనుంచి రాయి పడి అక్కడే పోయాడు. పిల్లను మిషన్ హాస్టల్లో చేర్చి, శాంతమ్మ ఒక్కతే బతికింది. హాస్టల్లో పెరిగిన రూతు ఈ పాటను ముక్కలు ముక్కలుగా వినడమే తప్ప, మొదటి నుంచి చివరి దాకా విన్నది రాసుకున్న రోజునే.

బతుకమ్మ పాటల వరస అది, ప్రతి పాదం చివర ‘ఉయ్యాలో’ వస్తుంది. చనిపోయాడన్న మాట పాటలో ఎక్కడా లేదు. అతను పొద్దున్నే లేచాడు, బావి దగ్గరికి పోయాడు, లోపలికి దిగాడు, ఇంకా పైకి రాలేదు. చివరి చరణంలో ఆమె బావి అంచున నిలబడి అతన్ని పిలుస్తుంది. పొలంలో మిగతా ఆడవాళ్ళు ‘ఉయ్యాలో’ అందుకునేవారట గాని, ఆ చివరి చరణం ఆమె తనలో తానే పాడుకునేదట.

నేను ఎర్ర సిరా కలం తీశాను.

‘పొద్దుగాల లేసి ఉయ్యాలో, గడ్డపార వట్టి ఉయ్యాలో’ అని ఉన్నదాన్ని ‘ప్రొద్దుననే లేచి, గునపమును బట్టి’ అని మార్చాను. ‘పోయిండు’ని ‘వెళ్ళెను’ చేశాను. చివరి చరణంలో, ఆమె భర్తను పిలిచే చోట ఒక మాట ఉంది. నాకు అర్థం కాలేదు. ఏ నిఘంటువులోనూ ఉండే మాటలా తోచలేదు. దాని చుట్టూ సున్నా చుట్టి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి, కాసేపు ఆలోచించి ‘నాథా’ అని రాశాను. ఎంత చక్కగా కుదిరిందో అని మురిసిపోయాను కూడా.

ఖవ్వాలీని నేను ముట్టుకోలేదు. అభంగాన్నీ, కన్నడ పాటనూ ముట్టుకోలేదు. నాకు రాని భాషలన్నీ నా చేతి నుంచి క్షేమంగా బయటపడ్డాయి. తెలుగు నాదనుకున్నాను గనక దాని మీద చెయ్యి వేశాను.

ఆరు వారాలు రిహార్సల్స్ జరిగాయి. శాంతమ్మ సాయంత్రాలు పని నుంచి నేరుగా వచ్చేది, చీర కుచ్చెళ్ళకు మట్టి ఆరకుండానే. చదువు రాదు గనక రూతు చెబుతుంటే వల్లె వేసేది.

“గునపమంటే ఏంది సారూ?” అని అడిగింది మొదటిరోజే.

“గడ్డపారేనమ్మా.”

“మరి గడ్డపార అంటే ఏమాయె?”

“వేదిక మీద కాస్త మంచి మాట ఉండాలి కదా.”

ఆమె కూతురి వైపు చూసింది. “సరే తియ్. సారు సదువుకున్నోడు.”

చివరి చరణం దగ్గర మళ్ళీ ఆగింది. “నాథా అంటే ఎవలు?”

“మీ ఆయనేనమ్మా.”

“ఆయన్ని నేనెన్నడు గట్ల పిలువలే.”

పిల్లలు గొల్లుమన్నారు. నేనూ నవ్వాను. “భర్తను పేరు పెట్టి పిలవకూడదు కదా, అందుకని మర్యాదగా...” అని ఏదో చెప్పబోయాను.

“పేరు వెట్టి నేనెందుకు పిలుస్త!” అని ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తానూ నవ్వింది.

మరి ఏమని పిలిచేవారమ్మా అని అడగాల్సిన క్షణం అదే. నేను గడియారం చూసుకుని, “ఊఁ, మళ్ళీ మొదటి నుంచి” అన్నాను.

వార్షికోత్సవం రోజు ఆమె ఒక్క తప్పు లేకుండా పాడింది. హాలంతా చప్పట్లు మోగాయి. కిందికి దిగాక నాకు దండం పెట్టి, “మీ పాట మంచిగుంది సారూ” అంది. నేను దాన్ని మెప్పుదల అనుకున్నాను. వారం రోజులు కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకున్నాను.

రెండేళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం రూతు నా గదికి వచ్చింది. అప్పటికి బడిలో టీచరుగా చేస్తోంది. మనిషి సగమైపోయి ఉంది. శాంతమ్మకు పక్షవాతం వచ్చి, నాలుగు నెలలు మంచాన ఉండి, అంతకు పదిహేను రోజుల ముందే పోయిందని చెప్పింది.

“మాట పడిపోయింది సార్. జర జర తిరిగొచ్చినంక పాట అందుకున్నది. మొత్తం మీరు నేర్పినట్లే వచ్చేది. ఆఖరికి నాథా అనంగనే ఆగేది. ‘గది కాదు బిడ్డా, ఇంకేదో ఉండె, నోటికి వస్తలేదు’ అని ఒకటే ఏడ్సేది. నన్నడిగేది. నా చేత్తోని నేనే రాసిన సార్. నాకే యాదికి లేదు. నాన్నని అమ్మ ఏమని పిలిచేదో నాకు తెల్వకుండ పోయింది.” కళ్ళు తుడుచుకుంది. “ఆ మొదటి కాగితం మీ దగ్గరుంటది గదా సార్?”

పొలంలో ఎవరికైనా గుర్తుందేమో అడగలేదా అన్నాను. ఆ పొలాల్లో ఫ్యాక్టరీ గోడలు లేచాయి, నాట్లు వేసే వాళ్ళు తలా ఒక దిక్కు పోయారు, దొరికిన వాళ్ళకు ‘ఉయ్యాలో’ తప్ప తెలియదు అంది.

సంఘం ఫైలు తీశాను. అందులో ఏముంటుందో నాకు ముందే తెలుసు. కాపీలు తీయడానికి పాటలన్నీ స్టెన్సిల్ మీద టైపు కొట్టించేవాళ్ళం. టైపు కాగానే చేతిరాత కాగితాలు నేనే చింపి బుట్టలో వేసేవాణ్ణి. ఫైలు శుభ్రంగా ఉండాలని నా పట్టుదల. శుభ్రంగానే ఉంది. గునపం ఉంది, నాథా ఉంది, కింద నా సంతకం ఉంది.

ఎంత గింజుకున్నా ఆ మాట గుర్తు రాలేదు. నేను చుట్టిన సున్నా గుర్తుంది. ప్రశ్నార్థకం కొక్కెం ఎటు తిరిగిందో కూడా గుర్తుంది. లోపలి మాట లేదు. రూతు ముందే ఏడ్చాను. తనే లేచి నాకు మంచినీళ్ళు అందించింది.

ఆ తర్వాత చాలా ఏళ్ళు సంఘం చూశాను. ఎర్ర సిరా కలం మళ్ళీ వాడలేదు. తెలియని మాట కనిపిస్తే పెన్సిలుతో కింద గీత గీసి, ఆ మనిషిని పిలిపించి అర్థం అడిగి రాసుకునేవాణ్ణి. మొదటి కాగితాన్ని టైపు కాపీ వెనక గుచ్చి ఉంచేవాణ్ణి. ఫైళ్ళు లావెక్కాయని ఆఫీసులో సణిగేవాళ్ళు. సణగనిచ్చాను. ఇంత చేసినా నా తప్పు తప్పుగానే ఉంది.

శాంతమ్మ పోయి ఏడాదైనప్పుడు నాచారంలో జ్ఞాపకార్థ కూడిక పెట్టి రూతు నన్ను పిలిచింది. వెళ్ళడానికి మొహం చెల్లలేదు, అయినా వెళ్ళాను. పాస్టరు గారి ప్రార్థన అయ్యాక రూతు లేచి తల్లి పాట అందుకుంది. ‘గడ్డపార వట్టి’ అంది, ‘బాయికాడికి పోయిండు’ అంది. గుర్తున్నవన్నీ వెనక్కి తెచ్చుకుంది. ఆడవాళ్ళు ‘ఉయ్యాలో’ అందుకున్నారు. చివరి చరణంలో ఆ మాట రావలసిన చోట ఆగింది. ఒక మాట పట్టేంతసేపు ఊరికే నిలబడింది. ఆడవాళ్ళు ‘ఉయ్యాలో’ అన్నారు.

చాప మీద నా పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ, ఒకప్పుడు శాంతమ్మతో నాట్లు వేసిన మనిషి, నా వైపు వంగింది.

“గాడ ఒక మాటుండె సారూ. మెల్లగ అనుకునేది, మాకు ఇనబడకపోయేది. మీకేమన్న ఎరుకనా?”

“తెలియదమ్మా.”

“పాటంత మీరే సదివిన్రంట గదా?”

“చదివానమ్మా. చదివి, కొట్టేశాను.”

ఆమెకు అర్థమైనట్టు లేదు. అయినా నా మోకాలి మీద చెయ్యి వేసి, కూడిక అయిపోయేదాకా అలాగే ఉంచింది.