ఉప్పుచేతుల పానకం

మా అమ్మాయి పోయింది. వానలు మొదలైనప్పుడు జ్వరమని ఆసుపత్రికి తీసుకెళ్ళాం. మళ్ళీ ఈ బెంగాలీవాళ్ళ ఊళ్ళో, టికియాపారాలో మేముండే ఇంటికి తెచ్చుకోలేకపోయాం. నేను మూడో తరగతి దాకానే చదివాను, తప్పులుంటే సర్దుకోండి. నా బిడ్డ గెలిచిన సంగతి మీకు చెప్పాలి.

న్యూ టౌన్‌లో ఒక పెద్ద బార్‌లో అది మందు కలిపేది. షాలిమార్ గూడ్స్ యార్డులో పనిచేసే వాళ్ళ నాన్నకు ఆ పని గిట్టేది కాదు.

"మొగోళ్ళకి మందు పోసే పనేటే ఆడపిల్లకి?"

"పోయడం కాదు నాన్నా, కలపడం. నా గ్లాసు తాగినోడు నవ్వుకుంటూ ఇంటికెళ్ళాలి, తూలుకుంటూ కాదు."

ఒకసారి ఊళ్ళో బార్లన్నిటికీ పోటీ పెట్టారు. సైడ్‌కార్ అని పాతకాలం నాటి బ్రాందీ కాక్‌టెయిల్ ఒకటుందట. బ్రాందీ, నారింజ మద్యం, నిమ్మరసం. ఎవరి భాష పుస్తకంలోంచి వాళ్ళు ఏదో ఒక ఘట్టం తీసుకుని, దానికి తగ్గట్టు ఆ సైడ్‌కార్‌ని కొత్తగా కలపాలి.

"ఓడిపోతే మానేస్తావేటి?" అన్నాడు వాళ్ళ నాన్న.

"మానేస్తాను," అనేసింది మొండిది.

దానికి తెలుగు మాట రావడమే గానీ చదవడం రాదు. నా దగ్గర అట్ట ఊడిపోయిన నవల ఒకటుంది, రాసిందెవరో తెలీదు. అదే కూడబలుక్కుంటూ చదివి వినిపించాను. అందులో ఒక పడుచు సముద్రం ఒడ్డున కూర్చుని చేపలకి ఉప్పు పట్టిస్తూ ఉంటుంది. గాలివాన దాటుకుని పడవవాళ్ళు రాగానే లేచి, వాళ్ళకి పానకం కలిపి ఇస్తుంది.

"ఆగు ఆగు. చేతులు కడుక్కుందా?" అంది మా పిల్ల.

వెనక్కెళ్ళి మళ్ళీ చదివాను. "లేదే. కడుక్కున్నట్టు రాయలేదు."

"అయితే పానకంలో ఉప్పు పడినట్టే!" అని ఎగిరి గంతేసింది.

నారింజ మద్యం తీసేసి, బెల్లం, శొంఠి, మిరియాల పాకం పోసింది.

"శ్రీరామనవమి పానకంలో బ్రాందీయేటే, కళ్ళు పోతాయి!"

"రాములోరి గ్లాసు వేరు, నా గ్లాసు వేరమ్మా."

ముందు ఇక్కడి ఖర్జూర బెల్లం వేసింది. బ్రాందీ వాసనే మునిగిపోయింది. "అది పాయసం బెల్లమే," అని మన చెరకు బెల్లం తీసిచ్చాను. చివర్లో చిటికెడు ఉప్పు. చెంచాడు నాలిక మీద వేసుకుని చూశాను. ముందు తీపి, వెనక ఘాటు, ఆ వెనక మా సొంతూరి సముద్రపు గాలి.

పోటీలో అందరూ పువ్వులూ పొగలూ పెట్టారు. మా పిల్ల కథ చెబుతూ గ్లాసు అందించింది. తీర్పు చెప్పే బెంగాలీ పెద్దాయన ఆఖరి చుక్క దాకా తాగి, "దీదీ, ఆ పడవవాళ్ళు తర్వాత ఏమయ్యారు?" అన్నాడట. "ఇంకో గ్లాసు తాగితే చెబుతా దాదా," అందట ఇది. హాలంతా నవ్వులు. మొదటి బహుమతి దానిదే!

వాళ్ళ నాన్న "ఉప్పేసి గెలిచిందా?" అంటూ చెప్పులేసుకున్నాడు. యార్డంతా చెప్పుకుని వచ్చాడు గానీ, బార్‌ గడప మాత్రం తొక్కలేదు.

మొన్న సాయంత్రం, పోయిన బిడ్డని తలుచుకోవడానికి ఆ బార్‌వాళ్ళు మమ్మల్ని పిలిచారు. ఈసారి ఆయన కాదనలేదు. ఎత్తు కుర్చీలో కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నాడు. మా పిల్ల గ్లాసే అందరి చేతుల్లోనూ ఉంది. అందరూ లేచి నిలబడి దాని పేరు చెప్పి తాగారు. ఆయనా తాగాడు.

"బాగా కలిపిందే నా కూతురు," అన్నాడు.

గ్లాసు అంచుకి అద్దిన బెల్లం పొడి ఆయన తెల్లమీసానికి అంటుకుంది. ఇల్లు చేరేదాకా తుడుచుకోలేదు.