డాక్టరుగారూ, ఆయన ప్రాణస్నేహితుడినైన నేనూ

ఆ రోజుల్లో మా మెడికల్ కాలేజీ మొత్తం నా భుజాల మీదే నడిచేదంటే మీరు నమ్మాలి. (సరే, ఆఫీసులో టెంపరరీ గుమాస్తాని. నా భుజాల మీద నడిచినవి ఫైళ్లు.) ఒక ఏడు, పైకొచ్చిన పాత విద్యార్థులకు సన్మానం పెట్టారు. పసిబిడ్డల ఉబ్బసం మీద పరిశోధన చేసి పేరు తెచ్చుకున్న డాక్టరుగారు తిరుత్తణిలో దర్శనం చేసుకుని రైల్లో వస్తారనీ, తిరువళ్ళూరు స్టేషన్ నుంచి తోడుకుని రమ్మనీ ప్రిన్సిపాల్ నన్ను పంపాడు. "ఆయన లేకుండా వస్తివా, రేపట్నించి నువ్వూ రావద్దు" అన్నాడు. చేతిలో పూలమాల, ఆనవాలుకు ఒక ఫోటో. ఫోటోలో డాక్టరుగారి జుట్టు గొడుగంత ఉంది.

రెండు రైళ్లు వచ్చి పోయాయి. అంత జుట్టున్నవాడు ఒక్కడూ దిగలేదు. ఉద్యోగం పోయినట్టేనని ఆ తమిళ ఊళ్లో తెలుగులో గొణుక్కుంటుంటే, రెండో రైలు దిగిన గుండాయన, తలకు చందనం ఇంకా ఆరనివాడు, దగ్గరికొచ్చాడు. "ఎవురికోసరం అబ్బోడా, మాల పట్టుకోనుండావు?" "పెద్ద డాక్టరన్నా. నాకు ప్రాణస్నేహితుడు" అన్నాను. (నోరు ఊరుకోదు.) "అట్నా! యాడ స్నేహం?" "హాస్టల్లో ఒకే రూమన్నా. నేను చదివి చెప్తేనే పాసైనాడు. అన్నం గూడా నా తట్టలోనే తినేవాడు." "ఫోటోలో ఆయనకు నలభై దాటినట్టుండాదే, నీకు మీసమే సరిగ్గా రాలేదు?" "చూసేదానికి చిన్నోడి మాదిరి ఉంటానన్నా!"

ఆయన ఫోటో తీసుకుని తన చెంప పక్కన పెట్టుకున్నాడు. "మొక్కుబడబ్బా. పొద్దున్నే కొండమీద జుట్టు ఇచ్చేసినా."

నా కాళ్ల కింది ప్లాట్‌ఫారం కూడా రైలెక్కి వెళ్లిపోయింది. "అంతా అబద్ధం సార్. మీ పేరు నిన్ననే విన్నా. ప్రిన్సిపాలుకు చెప్పొద్దు సార్" అని అక్కడే ఏడ్చినంత పని చేశాను. ఆయన మాల తీసుకుని తానే మెడలో వేసుకుని, నడువన్నట్టు తలూపాడు. ఆటో కదిలాక మెల్లగా అన్నాడు: "హాస్టల్లో నాకు ఒక్క స్నేహితుడు లేడబ్బా. ఇంగ్లీషు రాదని ఎవురూ పక్కన కూర్చునేవాళ్లు కాదు. ఆ తట్టలో అన్నం సంగతి ఇంగొంచెం చెప్పు."

చెప్పాను. కాలేజీ గేటు దాకా చెప్పాను. వంకాయ పులుసు కోసం మేమిద్దరం కొట్లాడుకున్నామనీ, ఆయనకు జ్వరమొస్తే నేను సెలవు పెట్టాననీ. ఆయన కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. గేటు దగ్గర ప్రిన్సిపాల్ "మావాడు సరిగ్గా తోడుకొచ్చినాడా?" అంటే, "ఇట్లాంటోణ్ణి వదులుకోవద్దండీ" అన్నాడు. నెల తిరక్కుండా నన్ను పర్మనెంటు చేశారు.

మొన్న మనవరాలు ఫోన్లో ఈ ఏటి సన్మానం ఫోటోలు చూపిస్తే, ఒకాయన్ని వేలితో పొడిచి, "ఈయనకు స్టెతస్కోపు పట్టుకోవడం నేర్పింది నేనే" అన్నాను. "కోతలు కోస్తాండావు తాతా!" అని ఫోన్ లాక్కుని వెళ్లిపోయింది. జీవితమంతా ఎన్నో కోశాను. అబద్ధమని తెలిసీ ఇంగొంచెం చెప్పమన్నవాడు ఆయనొక్కడే.