సలాబత్‌పురాలో సాగే బట్ట

ఆ కరోనా రోజుల్లో ఒక్కొక్కరు ఒక్కో విద్య నేర్చుకున్నారు. కొందరు కేకులు చేశారు, కొందరు యోగాసనాలు వేశారు. నేను బట్టను లాగి చూడడం నేర్చుకున్నాను. (నవ్వకండి, అదీ ఒక విద్యే.)

అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. కాలేజీ ఫోనులోకి దూరిపోయింది. సూరత్‌లో బమ్రోలిలో ఉండేవాళ్లం. నాన్న మరమగ్గాల మీద పనిచేసేవాడు, అమ్మ ఇంట్లో జాకెట్లు కుట్టేది. పెళ్లిళ్లు ఆగిపోయి అమ్మ మిషను ఖాళీగా ఉంటే దాని ముందు నేను చేరాను. రెండు దిండు గలేబులు, ఒక మాస్కు కుట్టేసరికి ఇక నాకు రానిదంటూ లేదన్న నమ్మకం కుదిరింది.

మా పక్కింట్లోనే మేనత్త ఉండేది. ఆమె మనవరాలి మొదటి పుట్టినరోజు దగ్గర పడింది. ఇంట్లో ఉన్న జరీ గౌను తొడిగి చూస్తే పిల్ల మెడంతా కందిపోయింది, ఏడుపు వీధి చివరిదాకా వినిపించింది. రెడీమేడ్ కొట్లు మూసి ఉన్నాయి. బనియన్‌లా మెత్తగా సాగే బట్టలో మంచి ప్రింటు చూసి నేను కుట్టిపెడతానన్నాను. అత్త నన్ను పైనుంచి కిందికి చూసింది.

"బట్టయితే సాగుతది, నీ కుట్టు సాగుతదా బిడ్డా? ఫోన్ల చుట్టాలందరు చూస్తరు. జర మా ఇజ్జత్ కాపాడు" అంది.

ఆ మాట నాకు సూదిలా దిగింది. ఫోనులో ఒక దుకాణందారు పంపిన ఫొటోలు చూసి, జిరాఫీల ప్రింటు తెప్పించాను. జిరాఫీలు బాగున్నాయి, అంతకు మించి నేనేమీ అడగలేదు. ముందు ప్రయోగానికి నాన్నకు టీ షర్టు కుట్టాను. (కాదనలేని మనిషి ఇంట్లో ఆయనొక్కడే.) నాన్న తొడుక్కోగానే పొట్ట దగ్గర బట్ట అడ్డంగా సాగింది. జిరాఫీల మెడలు మాయమయ్యాయి. ప్రింటు పగిలి మధ్యలో తెల్లగా చారలు కనిపించాయి.

"ఏందే, మేకలు మంచిగనే ఉన్నయ్" అన్నాడు నాన్న, నన్ను సంతోషపెడదామని. తల గోక్కోవడానికి చెయ్యెత్తాడో లేదో, చంక కింద దారం టపటపా తెగిపోయింది. గుమ్మంలో నిలబడ్డ అత్త నవ్విన నవ్వుకు ఆమె మాస్కు గడ్డం కిందికి జారింది.

నాకు పౌరుషం వచ్చింది. ఫోనులో కుట్టు వీడియోలన్నీ చూశాను. అడ్డంగా, నిలువుగా లాగితే సాగాలి, వదిలితే మళ్లీ యథాస్థానానికి రావాలి, లాగినప్పుడు ప్రింటు కింద తెలుపు బయటపడకూడదు. కుట్టేటప్పుడు బట్టను కొంచెం లాగి పట్టుకుంటే దారం తెగదు. ఇదంతా ఒంటబట్టించుకుని, మార్కెట్ సగం తెరిచారని తెలియగానే సలాబత్‌పురా బట్టల బజారుకు బయల్దేరాను. నా ఓటమిని కళ్లారా చూద్దామని కాబోలు, అత్త కూడా వచ్చింది.

ఊరంతా బట్టే, మాక్కావలసిన బట్ట తప్ప. దొరికిన ఒక దుకాణంలో తాను తర్వాత తాను విప్పించి రెండు చేతులా లాగుతుంటే దుకాణందారు ఓర్చుకోలేకపోయాడు. "అరే బెన్, కప్డా లేనా హై యా కస్రత్ కర్నీ హై?" అన్నాడు, బట్ట కొంటావా కసరత్తు చేస్తావా అని.

"దోనో, భాయ్" అన్నాను, రెండూనని. (ఆ ధైర్యం ఎక్కణ్నుంచి వచ్చిందో నాకిప్పటికీ తెలియదు.)

అత్త నెమళ్ల ప్రింటు పట్టుకుంది. "గిది తీస్కోవే, మస్తుంది."

లాగి వదిలాను. పాత సాక్సులా అలాగే వేలాడింది. "వద్దత్తా, ఇది మళ్లీ దగ్గరికి రాదు" అన్నాను. అత్త మాటకు ఎదురు చెప్పడం నా జన్మలో అదే మొదలు. అత్త మూతి ముడిచింది. (మాస్కు కదలికను బట్టి గ్రహించాను.)

గుట్ట అడుగున దొరికింది నీలం బట్ట, దాని నిండా పసుపు బాతుపిల్లలు. ఎటు లాగినా సాగింది, వదలగానే దగ్గరికొచ్చింది. ఒక్క బాతుకూ ఆకారం చెడలేదు. మాస్కు జరిపి చెంపకు ఆనించుకున్నాను. "కరోనా! కరోనా!" అని అత్త కేకలు పెట్టింది. వెన్నలా ఉంది బట్ట.

గౌను పూర్తవగానే అత్త వచ్చి, మెడ దగ్గర రెండు చేతులా పట్టుకుని గట్టిగా లాగింది. కుట్టు సాగింది, తిరిగి వచ్చింది. మళ్లీ లాగింది. మళ్లీ వచ్చింది. అత్త తనే వెళ్లి పిల్లను ఎత్తుకొచ్చింది. పిల్లకు తొడిగితే తల సులువుగా దూరింది. ఏడుపు లేదు. పొట్ట మీది బాతుల్ని వేలితో పొడుచుకుంటూ ఇల్లంతా పాకింది.

పుట్టినరోజున వీడియోకాల్‌లో సోలాపూర్ చుట్టాలు గౌనెక్కడ కొన్నారని అడిగారు.

"కొనుడేంది? మా కోడలు కుట్టింది" అంది అత్త గర్వంగా. ఒక్క క్షణం ఆగి, "బట్ట మాత్రం నేనే చూసి తీసిన" అంది.

మరుసటి వారమే ఆమె తన నైటీ కోసం నన్ను మార్కెట్‌కు తీసుకెళ్లి, ప్రతి తానూ నా చేతికిచ్చి, "జర నువ్వు లాగి చూడవే" అంది. ఇప్పుడు నాకు సొంత కొట్టుంది, బట్టలవాళ్లే ఇంటికి నమూనాలు పంపుతారు. అయినా ఆ పుట్టినరోజున గోడవారగా నిలబడి, మాస్కు చాటున చెవుల దాకా నవ్విన ఆ ఇరవై ఏళ్ల పిల్ల అప్పుడప్పుడూ గుర్తొస్తుంది. అంత గొప్ప నవ్వు ఆ రోజు ఒక్కరూ చూడలేదు పాపం.