అవ్వ వడ్లలో పడ్డ అంతరిక్షం

ఆ రోజుల్లో నాకు కోపం చాలా సులువుగా వచ్చేది. ఇప్పుడూ వస్తుంది, కాకపోతే ఎవరి మీద రావాలో కాసేపు చూసుకుని మరీ వస్తోంది. ఇంజనీరింగ్ మూడో ఏడు చదివే పిల్లకు అంత తీరిక ఉండదు. లోకమంతా పనిగట్టుకుని తననే వెనక్కి నెడుతోందని ఆ పిల్ల నమ్మకం. ఆ నమ్మకానికి తగ్గ సాక్ష్యం కూడా ఒక వేసవిలో దొరికింది. ఇన్నాళ్ళకు ఆ సంగతి మీకు చెబుతున్నాను. మధ్యలో నాకు మళ్ళీ కోపం వస్తే (వస్తుంది) మీరే సర్దుకోవాలి.

అంతరిక్ష రంగంలోకి ప్రైవేటు కంపెనీలు అప్పుడప్పుడే వస్తున్న కాలం. యూనివర్సిటీ విద్యార్థులకు ఆ రంగాన్ని పరిచయం చేస్తామంటూ ఐదు వారాల వేసవి శిబిరం ఒకటి పెట్టారు. బెలూను వదలాలంటే హైదరాబాదు ఆకాశంలో విమానాల రద్దీ ఎక్కువ కాబట్టి దాన్ని కామారెడ్డి శివార్లలో ఒక కాలేజీలో నడిపారు. దేశం నలుమూలల నుంచి ముప్పై మందిమి ఎంపికయ్యాం. మాది ఎల్లారెడ్డి. మా బాపుకు అక్కడ కాలిపోయిన కరెంటు మోటార్లకు మళ్ళీ తీగ చుట్టే షాపు ఉంది. నా పేరు లిస్టులో వచ్చిన రోజు నుంచి, మోటారు తెచ్చిన ప్రతి రైతునూ కూర్చోబెట్టి "మా బిడ్డ రాకెట్ల ట్రైనింగుకు పోతున్నది" అని మొదలుపెట్టేవాడు. దాంతో మోటార్లన్నీ ఒక రోజు ఆలస్యమయ్యేవి. ఇంత భారం మోసుకుంటూ, ఉపగ్రహ కక్ష్యల మీద రెండు నోటు పుస్తకాలు నింపుకుని మరీ వెళ్ళాను.

శిబిరం పెద్దకు మేం పెట్టుకున్న పేరు కౌంట్‌డౌన్ సారు. ఆయన టీ విరామానికి కూడా పది నుంచి ఒకటి దాకా వెనక్కి లెక్కపెట్టేవాడు. చివరి వారంలో పెద్ద ప్రాజెక్టు: ఒక పెట్టెలో కెమెరా, ఉష్ణోగ్రత, పీడనం కొలిచే పరికరాలు పెట్టి, హీలియం బెలూనుకు కట్టి వదలాలి. బెలూను ముప్పై కిలోమీటర్ల ఎత్తుకు పోయి పగిలిపోతుంది. పెట్టె పారాచూట్‌తో కిందికి దిగుతుంది. దాన్ని తెచ్చి, అందులోని మెమరీ కార్డు తెరిచి, ముఖ్య అతిథి ముందు గ్రాఫులు చూపించాలి. దీనికి నాలుగు జట్లు వేశారు. కంట్రోల్ రూమ్ జట్టుకు ఏసీ గది, హెడ్‌ఫోన్లు, నాలుగు తెరలు. పెట్టె జట్టుకు టంకం పెట్టే బల్లలు. గ్రాఫుల జట్టుకు కొత్త ల్యాప్‌టాపులు. నాలుగోది రికవరీ జట్టు, అంటే పడ్డ పెట్టెను ఏరుకొచ్చే జట్టు. నన్ను అందులో వేశారు.

ఎందుకని అడిగాను.

"నీ అప్లికేషన్‌లో ఎల్లారెడ్డి అని ఉంది కదమ్మా. లోకల్ అమ్మాయివి. నీకన్నా బాగా ఎవరు చేస్తారు?" అన్నాడు సారు, నాకేదో పతకం ఇస్తున్నట్టు.

పుట్టిన ఊరు చూసి పని ఇవ్వడమేమిటి? కక్ష్యల మీద రెండు పుస్తకాలు నింపిన మనిషి పొలాల వెంట డబ్బా వెతుక్కోవడమేమిటి? నాతో జంటగా వేసిన అమ్మాయిది లక్నో. (పేరు ఉంది, కానీ శిబిరమంతా లక్నో అనే పిలిచేది.) మొదటి రోజు పరిచయాల్లో తనకు కొండలెక్కడం ఇష్టమని చెప్పిన పాపానికి ఆమెకు ఈ శిక్ష. ఆమె ఒక్కమాట అనలేదు. ఇద్దరి కోపమూ నేనే పడ్డాను.

అయితే ఒక విషయం ఒప్పుకోవాలి. ఆ ఐదు వారాల్లో నా సలహా ఒకే ఒక్కటి అమలైంది. పెట్టె నేలకు కొట్టుకున్నప్పుడు పరికరాలు దెబ్బతినకుండా చుట్టూ థర్మోకోల్ గుళ్ళు, అదే సోఫా సంచుల్లో పోసే తెల్లటి సగ్గుబియ్యం లాంటివి, నిండా పోద్దామని చెప్పాను. బాగుందన్నారు. ఆ రోజంతా గాల్లో నడిచాను.

బెలూనును పొద్దున్నే వదిలారు. మేం వేసిన లెక్క ప్రకారం అది తూర్పుకు పోవాలి. అది నిమ్మళంగా పడమటికి, ఎల్లారెడ్డి వైపు పోయింది. కంట్రోల్ రూమ్ వాళ్ళు తెరల మీద చూసి చప్పట్లు కొట్టారు. మాకని పెట్టిన జీపును మాత్రం ముఖ్య అతిథిని తీసుకురావడానికి స్టేషనుకు పంపేశారు. "బస్సులో వెళ్ళండి, లోకల్ అనుభవం" అన్నాడు సారు. నాలుగు గంటలకల్లా పెట్టెతో తిరిగి రమ్మన్నాడు.

కామారెడ్డి బస్టాండులో, పెట్టె పంపే సిగ్నల్‌ను పట్టే నిలువెత్తు యాంటెన్నా పట్టుకుని ఎల్లారెడ్డి బస్సెక్కాం. కండక్టరు దాన్ని కింది నుంచి పై దాకా చూసి, "ఏందమ్మా ఇది, చేప ముండ్ల లెక్కున్నది? ఎవల కంట్లనన్న పొడుస్తది, కిందికి వట్టుకో" అన్నాడు. గంటకు పైగా దాన్ని సీట్ల కింద పడుకోబెట్టి, దాని మీద కాళ్ళు పెట్టి కూర్చున్నాను. అంతరిక్ష పరిశ్రమలో నా ప్రవేశం అలా జరిగింది.

ఎల్లారెడ్డిలో దిగి, సిగ్నల్ చూపించిన వైపు షేరింగ్ ఆటోలో నాలుగు ఊళ్ళు దాటితే, రోడ్డు పక్క వడ్లు కొనే సెంటరు వచ్చింది. యాసంగి, అంటే రబీ పంట కోతలైపోయిన రోజులు. మైదానం నిండా వడ్ల కుప్పలు, టార్పాలిన్లు, ఒక పక్క తూచే కాంటా. మధ్యలో ఒక కుప్ప పక్కన నారింజ రంగు పారాచూట్‌ను దుప్పటిలా మడతపెట్టి, దాని మీద కూర్చుని ఉంది ఒక అవ్వ.

"అవ్వా, ఇక్కడ ఒక డబ్బా పడ్డది, చూసినవా?" అని అడిగాను.

"మీదేనా?" అంది అవ్వ. లేవలేదు. "మీ కోసమే చూస్తున్న. పొద్దుగాల చాయ తాగుతుంటే పైనుంచి గొడుగు లెక్క దిగింది. దేవుడు ఏమన్న పంపిండేమో అనుకున్న. దిగంగ దిగంగ గా ట్రాక్టరు ట్రాలీ అంచుకు తాకి, పలిగి, నా వడ్లల్ల పడ్డది. చూడు."

చూశాను. బంగారు రంగు కుప్ప మీద ఒక వైపంతా తెల్లగా మెరుస్తోంది. నేను పోయించిన గుళ్ళు.

"నాలుగు దినాల సంది సీరియల్ మీదున్న. ఇయ్యాల మాపటికి నా కాంటా. సెంటరోళ్లు పచ్చి చూస్తరు, తాలు చూస్తరు. గిన్ని తెల్ల గింజలు చూస్తే కాంటా వెడ్తరా? మల్ల సీరియల్ ఎనుకకు పోతది. ఆన వస్తే ఎవలు బాధ్యులు? ఎవలు పోసిండ్రు ఇవి అండ్ల?"

నేను ఆకాశం వైపు చూశాను. (ఇన్నాళ్ళకు ఒప్పుకుంటున్నాను అవ్వా, నేనే.)

పరికరాలున్న లోపలి డబ్బా ఎక్కడని అడిగాను. అవ్వ కొంగు మూట చూపించింది. ముప్పై కిలోమీటర్ల ఎత్తు చూసొచ్చిన మా యంత్రం ఆమె కొంగులో రెండు ముడుల వెనక ఉంది. "నా వడ్లు నాకు సాఫ్ జేసియ్యుండ్రి. మీ డబ్బా మీరు కొండవోండ్రి" అంది. నాకు ఒళ్ళు మండింది. సైన్సు అంటే ఈమెకు లెక్కే లేదా అనుకున్నాను. పక్కకు వెళ్ళి సారుకు ఫోన్ చేశాను.

"ఆమెకు ప్రాజెక్టు ప్రాముఖ్యం వివరించు" అన్నాడు. వివరించాను. వాతావరణం పై పొరల్లో ఉష్ణోగ్రత ఎలా మారుతుందో తెలుసుకుంటామని చెప్పాను. అవ్వ శ్రద్ధగా విని, "మరి ఇయ్యాల ఆన వస్తదా?" అని అడిగింది. ఆ సంగతి మా పెట్టె చెప్పదు. మళ్ళీ ఫోన్ చేశాను. "ఒక పని చేద్దాం, ఆమెకు పార్టిసిపేషన్ సర్టిఫికెట్ ఇద్దాం" అన్నాడు. అదీ చెప్పాను. "గా కాయిదంతోని వడ్లు చెరగాల్నా?" అంది అవ్వ.

ఇక ఇద్దరం కుప్ప ముందు కూర్చుని గుళ్ళు ఏరడం మొదలుపెట్టాం. ఒక్కొక్కటి వేళ్ళతో పట్టి తీయడం. తీసిన గుండు వేలికి అంటుకునేది, వేలి నుంచి దులిపితే చున్నీకి అంటుకునేది, చున్నీ నుంచి లక్నో జుట్టుకు ఎగిరేది. ఎండ నెత్తి మీదికొచ్చింది. గంటయ్యేసరికి జానెడు మేర శుభ్రమైంది. అప్పుడు అవ్వ మెల్లగా అడిగింది.

"బిడ్డా, చేటల పోసి గాలికి తూర్పార వడ్తే పోవా అవి?"

నేను ఆగిపోయాను. తేలికవి గాలికి ఎగిరిపోతాయి, బరువైనవి నిలువుగా పడతాయి. ఎనిమిదో తరగతి పాఠం. "మరి ఇంతసేపు ఎందుకు చెప్పలేదు అవ్వా?" అన్నాను.

"సదువుకున్నోల్లు గదా. ఏదో లెక్క ఉంటది కావచ్చు అనుకున్న."

అవ్వ లేచి చేట అందుకుంది. తల మీది ఎత్తు నుంచి వడ్లు జారవిడుస్తుంటే గుళ్ళు తెల్లటి పురుగుల్లా గుంపుగా లేచి, సూటిగా పక్క కుప్ప మీద వాలాయి. పక్క కుప్ప దుబాయి నుంచి తిరిగొచ్చి వ్యవసాయం చేస్తున్న ఒక అన్నది. ఆయన టార్పాలిన్ కింద నుంచి లేచి వచ్చాడు.

"ఏంది అవ్వా, నీది సాఫ్ చేసి నా మీద పోస్తున్నవా? గివి దుబాయిల సోఫాలల్ల పోస్తరు. వడ్లల్ల ఎందుకొచ్చినయి?"

"ఆకాశంకెళ్లి వచ్చినయి. గీ పిల్లలను అడుగు" అంది అవ్వ.

దుబాయి అన్న నన్ను, యాంటెన్నాను, లక్నో జుట్టును చూశాడు. కోపం తెచ్చుకోవడానికి గట్టిగానే ప్రయత్నించాడు కానీ నవ్వొచ్చేసింది. నాకు మాత్రం ఆ నవ్వు తగలరాని చోట తగిలింది. చివరికి ఉపాయం ఆయనే చెప్పాడు. అవ్వ మడతపెట్టిన పారాచూట్ విప్పి, గాలికి అడ్డంగా తెరలా పట్టుకున్నాం, ఒక అంచు నేను, ఒక అంచు లక్నో. "తుమ్ థోడా ఉదర్ జరుగు బిడ్డా" అంటూ అవ్వ రెండు భాషలను కలిపి లక్నోను సర్దింది. లక్నోకు అంతా అర్థమైంది. తూర్పారబట్టిన ప్రతి చేటకూ గుళ్ళు వచ్చి పారాచూట్‌కు అతుక్కున్నాయి.

రెండు దాటాక పడమట మబ్బు లేచింది. సారు ఫోన్ మీద ఫోన్. అతిథి వచ్చేశారట. అవ్వ కాసేపు నా ఫోన్ మోత విని, చేట పక్కన పెట్టి, కొంగు ముడి విప్పింది. డబ్బా నా చేతిలో పెట్టింది.

"మీ సారు ఒర్లుతున్నడు. పోండ్రి. మిగిలింది నేను చేసుకుంట."

ఇక్కడ నేను గొప్పగా ఏదో చేశానని రాయాలని ఉంది. నిజం చెప్పాలంటే, నేను అప్పటికే చెప్పులు వేసుకుని రోడ్డు వైపు రెండడుగులు వేశాను. వెనక్కి తిరిగి చూస్తే లక్నో కదల్లేదు. పారాచూట్ తన అంచు తాను అలాగే పట్టుకుని నిలబడి ఉంది. "అభీ ఆధా బాకీ హై" (ఇంకా సగం మిగిలే ఉంది) అంది, నన్ను తప్పుపట్టినట్టు కూడా కాదు, ఎంత మిగిలిందో చెబుతున్నట్టు. తిరిగొచ్చి నా అంచు పట్టుకున్నాను. ఫోను సంచిలో పడేశాను.

అవ్వ వంతు వచ్చేసరికి గాలి మారింది. సెంటరులో వడ్లు పరీక్షించే అన్న వచ్చి కుప్పలోకి చెయ్యి దూర్చి పిడికెడు వడ్లు తీశాడు. తేమ చూశాడు. అరచేతిలో పరిచి వేలితో కలియబెట్టాడు. ఆ వడ్ల మధ్య ఒక్క తెల్ల గుండు ఉంది. నాకు కనిపించింది. అవ్వకూ కనిపించింది. ఆయన దాన్ని చూశాడు, అవ్వ ముఖం చూశాడు, ఉఫ్ అని ఊదేశాడు. "కాంటా పెట్టుండ్రి" అన్నాడు. చివరి బస్తా కుట్టడం, చినుకు పడడం ఒకేసారి జరిగాయి. మిగిలిన కుప్పల మీద టార్పాలిన్లు కప్పడానికి అందరితో పాటు మేమూ పరుగెత్తాం.

కామారెడ్డి చేరేసరికి ఆరున్నర. సభ అయిపోయింది, అతిథి వెళ్ళిపోయాడు. మెమరీ కార్డు రాలేదని, రావలసిన గ్రాఫు ఎలా ఉండాలో అలా గీసి చూపించి, చప్పట్లు కొట్టించుకున్నారట. గ్రూప్ ఫొటోలో ఇరవై ఎనిమిది మంది నవ్వుతున్నారు. శిబిరం నివేదికలో మా గురించి ఒక వాక్యం: "స్థానికుల ఉత్సాహభరిత సహకారంతో పేలోడ్ విజయవంతంగా లభించింది." ఆ వాక్యం చదివి నేను భోజనం చేయలేదు. మర్నాడు సారుకు నాలుగు పేజీల ఈమెయిల్ రాశాను. జవాబు రాలేదు. నా ఈమెయిల్‌ను గోడకు అంటించి కొత్త బ్యాచ్‌లకు చూపిస్తూ ఉంటారని చాన్నాళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను.

ఇప్పుడు హైదరాబాదులో ఉపగ్రహాలకు యాంటెన్నాలు చేసే ఒక చిన్న కంపెనీలో పనిచేస్తున్నాను. మొన్న పాత మెయిళ్ళు తీసేస్తుంటే ఆ ఈమెయిల్ బయటపడింది. కోపంగానే తెరిచాను, ఆ రోజు కోపం చల్లారలేదని చూసుకుందామని. మొదటి పేజీ జీపు గురించి. రెండో పేజీ నా కక్ష్యల నోట్సు గురించి. మూడో పేజీ మొత్తం గ్రూప్ ఫొటో. లక్నో ఎక్కడా లేదు. థర్మోకోల్ గుళ్ళ ఊసే లేదు. నాలుగో పేజీ చివర అవ్వ వచ్చింది, ఒకే ఒక్క ముక్కలో: "స్థానికంగా కొంత ఆలస్యం జరిగింది."

అది రాసిన ఆ పిల్ల మీద కోపం తెచ్చుకుందామని చాలాసేపు కూర్చున్నాను. రాలేదు. ఎండకు కమిలిన మొహంతో, చున్నీ నిండా తెల్ల గుళ్ళతో, ఎంత కష్టపడి రాసుకుందో కదా అనిపించింది. ఒకటే అడగాలనిపించింది ఆమెను: పొద్దంతా పక్కన నిలబడ్డావే, అవ్వ పేరేమిటని. ఆమెకు తెలియదు. అడగలేదు.