బస్సు ఆగే ఇరవై నిమిషాలు

పాతికేళ్ల కిందటి మాట. మా స్కూలు హాల్లో సోమ, బుధ, శుక్రవారాలు సాయంత్రం ఆరింటికి ఆడవాళ్ల వ్యాయామం క్లాసు జరిగేది. బెంచీలన్నీ ఒక గోడకు నెట్టి, చాపలు పరిచి పదిమందిమి చేతులూ కాళ్లూ ఊపేవాళ్లం. నేర్పేది మా డ్రిల్లు టీచర్. పగలు పిల్లల్నీ, సాయంత్రం మమ్మల్నీ ఒకే గొంతుతో అదిలించేది. అదే స్కూల్లో ఐదో తరగతికి పాఠాలు చెప్పే నేను వెనక వరసలో నిలబడి, వంగమంటే నవ్వేదాన్ని, లేవమంటే ఇంకా నవ్వేదాన్ని.

ఒకనాడు చీర మీద ఖాకీ కోటుతో, భుజాన టికెట్ల సంచితో ఒకావిడ వచ్చి గుమ్మంలో నిలబడింది. స్కూలు ఎదురుగానే బస్సుల ఆఖరి స్టాపు. అక్కడ రోజూ చూసే కండక్టరమ్మే.

"ఇక్కడ మోకాళ్లు బాగుచేస్తారటగా?" అంది.

"మోకాళ్లు కాదు, మనుషుల్ని బాగుచేస్తాం. చెప్పులు బయట విప్పు" అంది డ్రిల్లు టీచర్.

చాప మీద నా పక్కన కూర్చుని సంగతంతా చెప్పింది. కుదుపుల్లో ఎనిమిదేసి గంటలు నిలబడి కుడి మోకాలు వాచిపోతోందట. డిపో డాక్టరు మూడు నెలలు గడువిచ్చాడట. అప్పటికి మెట్లు గబగబా ఎక్కి దిగలేకపోతే బస్సు దింపేసి ఆఫీసులో కాగితాల ముందు కూర్చోబెడతారట.

"కూర్చోబెట్టి జీతమిస్తే హాయేగా?" అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "టీచరమ్మా, పిల్లల్లేని గదిలో కూర్చోబెట్టి మీకు జీతమిస్తే వెళ్తారా?"

నేను నా చాప ఆమె వైపు జరుపుకున్నాను.

వాళ్లుండేది భర్త నడిపే సైకిళ్ల కొట్టు పైన, రెండు గదుల్లో. ఒకసారి వెళితే వాళ్ల అత్తగారు ఆరిన బట్టలు మడతపెడుతూ నాతో మొరపెట్టుకుంది. "రోజంతా నిలబడొస్తుంది, మళ్లీ గెంతడానికి పోతుంది. ఇల్లు ఊడ్వమంటే మాత్రం మోకాలు గుర్తొస్తుంది చూడమ్మా!"

"మీరూ రండత్తయ్యా, కలిసి గెంతుదాం" అంది కండక్టరమ్మ.

"నేను గెంతితే కింద మీ ఆయన కొట్టు కూలిపోతుందే!" అని ఆవిడే ముందు పకపకా నవ్వేసింది. ఆ ఇంట్లో దెప్పుళ్లకు లోటు లేదు, నవ్వులకూ లేదు.

చిక్కల్లా డ్యూటీలతో. కండక్టరమ్మకు ఒక వారం పొద్దుటి షిఫ్టు, ఒక వారం మధ్యాహ్నం షిఫ్టు. పొద్దుటి వారం ఇబ్బంది లేదు. మధ్యాహ్నం వారంలో ఆరింటికి బస్సులోనే ఉంటుంది. అయితే సరిగ్గా ఆరింటికి ఆ బస్సు మా ఎదురుగా ఆఖరి స్టాపుకొచ్చి ఇరవై నిమిషాలు ఆగేది. ఆ ఇరవై నిమిషాలూ ఆమె రోడ్డు దాటి పరుగున వచ్చేది. తలుపు మూశాక ఎవరినీ రానివ్వని డ్రిల్లు టీచర్ గొణుక్కుంటూనే ఆమె కోసం ఒక రెక్క తెరిచి ఉంచేది.

నెలన్నర బాగానే సాగింది. ఒక సోమవారం ఉక్కగా ఉందని ఖాకీ కోటు విప్పి, బస్సు వెనక తలుపు దగ్గరి కడ్డీకి తగిలించి వచ్చింది. టైమవుతుండగా డ్రైవరు అద్దంలోకి చూశాడు. వెనక ఖాకీ కనిపించింది. అంతలో ఎవడో కొంటె ప్రయాణికుడు "రైట్ రైట్!" అని కేకేశాడు. బస్సు కదిలింది.

ఆ చప్పుడుకి కండక్టరమ్మ దిగ్గున లేచింది. సంచి పట్టుకుని ఉత్త కాళ్లతో పరిగెత్తింది. ఆమె వెనక డ్రిల్లు టీచర్, ఆవిడ వెనక ఆయాసపడుతూ నేను. రెండు స్టాపులు! అక్కడ బస్సు ఆగి ఉంది. పెద్దాయన డ్రైవరు రోడ్డు మీద నిలబడి తల పట్టుకున్నాడు.

"తల్లీ! నీ కోటుని చూసి నువ్వే అనుకున్నానే! టికెట్ ఇవ్వమ్మా అని ఒకావిడ ఆ కోటునే అడిగిందట, అప్పుడు తెలిసింది!"

బస్సంతా గొల్లుమంది. కండక్టరమ్మ కూడా కడుపు పట్టుకుని నవ్వింది. మెట్టు మీద కాలు పెట్టాక మాత్రం నవ్వు ఆగిపోయింది.

"ఇక రాను టీచరమ్మా" అంది మెల్లగా. "ఇది పైవాళ్లకు తెలిస్తే డ్రైవరు బాబాయ్ మెడకు చుట్టుకుంటుంది. ఆయన రిటైరవడానికి ఆరు నెలలే ఉంది. నా మోకాలి కోసం ఆయన్ని ఇరికించలేను."

అన్నట్టే బుధవారం రాలేదు. కిటికీలోంచి చూస్తే బస్సు దగ్గరే, మోకాలు రాసుకుంటూ నిలబడి ఉంది. గడువు ఇంకా నెలన్నర.

శుక్రవారం ఆరింటికి డ్రిల్లు టీచర్ చాపలు పరచనివ్వలేదు. "అందరూ చెప్పులేసుకోండి" అంది. బడిపిల్లల్లా వరసగా రోడ్డు దాటించింది. బస్సు పక్కన మమ్మల్ని నిలబెట్టి కేకేసింది.

"ఏయ్ కండక్టర్! బస్సు వదిలి రావద్దు. ఇక్కడే నిలబడు. కోటు ఒంటి మీదే ఉండనీ!"

నడిరోడ్డు పక్కన, అంతమంది ముందు! నాకు సిగ్గుతో చెమటలు పట్టాయి. కండక్టరమ్మకు మాత్రం కళ్లు చెమర్చాయి. ఆ రోజు నుంచి బస్సు మెట్టే ఆమెకు వ్యాయామం సామాను. ఎక్కు, దిగు, ఎక్కు, దిగు. కిటికీల్లోంచి ప్రయాణికులు లెక్కపెట్టేవాళ్లు. డ్రైవరు బాబాయ్ కూడా దిగి నడుం వంచేవాడు. సంచీతో వచ్చిన ఒక ముసలాయన భయంభయంగా అడిగాడు, "ఈ బస్సెక్కాలంటే ఇవన్నీ చెయ్యాలా బాబూ?"

"అక్కర్లేదు తాతా, దిగేటప్పుడు చేస్తే చాలు!" అంది కండక్టరమ్మ.

ఎంత నవ్వుకున్నామో! మధ్యాహ్నం షిఫ్టు వారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేవాళ్లం. హాల్లో ఆ మజా ఏది?

పరీక్ష రోజు నేనూ డ్రిల్లు టీచరూ ఒంటిపూట సెలవు పెట్టి డిపోకి వెళ్లాం. డాక్టరు గది బయట బల్ల మీద నేను గోళ్లు కొరుక్కుంటుంటే, డ్రిల్లు టీచర్ కూర్చోకుండా పచార్లు చేసింది. అరగంటకు తలుపు తెరుచుకుంది.

"ఎన్నిసార్లు ఎక్కమన్నాడు?" అని ఎదురెళ్లి అడిగింది డ్రిల్లు టీచర్.

"ఇరవై."

"ఎక్కావా?"

"ఇరవై ఆరు. నర్సు వచ్చి పట్టుకునేదాకా ఆగలేదు!"

డ్రిల్లు టీచర్ ఆమె వీపు మీద ఒక్కటి చరిచింది. ఆవిడ మెచ్చుకోవడం అలాగే ఉంటుంది.

వారం తిరక్కుండా కండక్టరమ్మ డ్యూటీ కాగితం పట్టుకుని స్కూలు వరండాలోకి వచ్చింది. మోకాలు గట్టిపడిందని దూరం వెళ్లే పెద్ద బస్సు ఇచ్చారట. ఇవాళ వెళితే రేపటికి గానీ తిరిగి రాదు. ఏ షిఫ్టు వారమైనా సాయంత్రం ఆరింటికి ఊళ్లో ఉండదు.

"సోమ, బుధ, శుక్ర, మూడూ పోయాయి టీచర్" అంది. మొహంలో సంతోషం దాగడం లేదు, దిగులూ దాగడం లేదు.

డ్రిల్లు టీచర్ కాగితం తీసుకుని పైనుంచి కిందికి చదివింది. "ఆదివారం?"

"ఆదివారం నిద్ర."

"అయితే నిద్రపో."

కాగితం తిరిగిచ్చేసి గదిలోకి వెళ్లబోయి, మళ్లీ వెనక్కి వచ్చింది. "పెద్ద బస్సుకి మెట్లు ఎత్తు. ఎడమ కాలు ముందు పెట్టాలి. ఏదీ, చూపించు."

వరండా మెట్ల దగ్గర ఆ ఇద్దరూ కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని ఎక్కుతూ దిగుతూ ఉన్నారు. గంట మోగింది. నా క్లాసు పిల్లలు గుమ్మంలో గుమిగూడి చూస్తున్నారు. లోపలికి పొమ్మని వాళ్లను కసరాల్సిన నేను, అక్కడే నిలబడి ఒకటీ, రెండూ అని లెక్కపెడుతూ ఉండిపోయాను.