ఆదిబాబు జోలె

ఊరందరికీ ఆదిబాబే గానీ, వాళ్ళమ్మ సింహాచలమ్మ మాత్రం పోయేదాకా అతన్ని ఫకీరూ అనే పిలిచింది. ముందు పుట్టినవాళ్ళు దక్కకపోతే, పాలకొండ దగ్గర వాళ్ళ ఊరి పీరుకి ఆవిడ మొక్కుకుంది. ఈ బిడ్డ బతికితే ఏటా పీర్ల పండక్కి పచ్చ జోలె తగిలించి అయిదిళ్ళ బియ్యం అడిగిస్తానని. ఎక్కడో అరబ్బుల నేల మీద దాహంతో ఒరిగిన మహానుభావుడి దుఃఖం శ్రీకాకుళం వైపు ఎలా వచ్చిందో ఆవిడ ఎవర్నీ అడగలేదు. మొగుడికి జంషెడ్‌పూర్‌లో పని దొరికితే వంట సామానుతోపాటు మొక్కునీ రైలెక్కించింది.

పిల్లాడు జోలె పడితే ముచ్చట. నెత్తి నెరిసిన క్రేన్ ఫోర్‌మన్ పడితే వేరే సంగతి. అందుకని ఆదిబాబు తానుండే భాలుబాసాలో అడగడం మానేసి, ఒక్కరు తప్ప ఎరిగినవాళ్ళెవరూ లేని మాంగో పేటకి నది వంతెన దాటి పోతున్నాడు. వచ్చిన బియ్యం అక్కడే ఉన్న పాత తోటిపనివాడు నిజాముద్దీన్‌కి ఇస్తే, ఆయన ఇల్లాలు తీపి అన్నం వండి, ఫాతెహా ప్రార్థన చదివించి పంచేది. ఇది మా కితాబుల్లో ఎక్కడా లేదని నిజాముద్దీన్ ఒకసారి అన్నాడు. మా వాటిలోనూ లేదన్నాడు ఆదిబాబు. ఇద్దరూ తిన్నారు.

ఈ ఏడు అతని కొడుక్కి గణపతిరావు కూతురితో సంబంధం కుదిరేలా ఉంది. మాటలు సాక్చిలో మధ్యవర్తి ఇంట్లో అయ్యాయి, తాంబూలాలు ఇంకా కాలేదు. గణపతిరావు మర్యాదల దగ్గర మహా పట్టింపు మనిషి. మధ్యవర్తి ఇంట్లో టీ చల్లగా ఉందని గ్లాసు ముట్టుకోలేదు. ఆయన ఈమధ్యే మాంగోకి మారాడని ఆదిబాబు విన్నాడు. మాంగో పెద్దదే కదా అనుకున్నాడు.

అయిదో ఇంటి తలుపు తీసింది గణపతిరావే.

తలుపు బార్లా తెరిచి పక్కకి జరిగాడు.

"లోపలికి రండి బావగారూ."

జోలె భుజాన ఉండగా ఎవరి గడపా దాటకూడదు, ఎక్కడా కూర్చోకూడదు. అది అమ్మ పెట్టిన నియమం.

"రాకూడదండి," అన్నాడు ఆదిబాబు.

గణపతిరావు మొహం గంటు పెట్టుకున్నాడు. సంబంధం ఇష్టం లేకపోతే మధ్యవర్తి చేత చెప్పించవచ్చు, గుమ్మం దాకా వచ్చి అవమానించక్కర్లేదన్నాడు. అబ్బే, తాను బియ్యం కోసం వచ్చానన్నాడు ఆదిబాబు. అది ఇంకా అధ్వానంగా వినబడింది.

లోపల్నుంచి గణపతిరావు తల్లి అమ్మణ్ణి వచ్చి జోలె చూసింది.

"పీర్ల మొక్కేటి బాబూ?"

"అవునమ్మా. మా అమ్మ మొక్కింది."

ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "నీకూ మొక్కినాన్రా. సిగ్గని జోలె కాలవలో ఇసిరేసినావు. ఆ మొక్కు అలాగే ఉండిపోనాది."

గణపతిరావు వీధి అటు చివరా ఇటు చివరా చూశాడు. ఆవిడ చేటతో బియ్యం తెచ్చి పోసింది. టీ కూడా పంపించింది. నిజాముద్దీన్ ఇంటికి చేరేదాకా ఆదిబాబు కూర్చోడానికి లేదు కాబట్టి, కాబోయే వియ్యంకులిద్దరూ వీధిలో నిలబడే తాగారు. టీ చల్లారిపోయింది. గణపతిరావు గ్లాసు ఖాళీ చేసి, తాంబూలాలకి వచ్చే గురువారం బాగుందన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"వచ్చే ఏడు నేను మీ భాలుబాసా వత్తాను. అక్కడ నన్నెవులూ ఎరగరు కదా?"

"భాలుబాసా పెద్దదేనండి," అన్నాడు ఆదిబాబు.